గూడు చెరువులో, తిండి చేలో: ఉప్పలపాడు పక్షులు, మన మిరప చేలు

పై వీడియోలో కనిపించేది గుంటూరు పక్కనే, పెదకాకాని మండలం ఉప్పలపాడు ఊరి చెరువు. అద్దంకి నుంచి మిర్చి యార్డుకు వెళ్ళే మనవాళ్ళు చలికాలంలో ఒక గంట తీరిక చేసుకుంటే చూసి రావచ్చు. చెరువులోని తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఊరివాళ్ళు వాటిని కొట్టరు, ఎవర్నీ కొట్టనివ్వరు. రెట్టల కంపు, రాత్రింబవళ్ళు ఆ గోల, అన్నీ భరిస్తారు.

అయితే గూడు చెరువులో ఉంది గానీ తిండంతా అక్కడే దొరకదు. నత్తగుల్ల కొంగనే చూడండి. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని తినడానికే తయారైన ముక్కు అది. ఆ నత్తల కోసం వరి మళ్ళు, కాలవలు, కుంటలు తిరుగుతుంది. ఆ పొలాలు ప్లాట్లయిపోయినా, అక్కడి నీళ్ళలో మందు కలిసినా, చెరువును ఎంత కాపాడుకున్నా పిల్లలకు మేత ఉండదు.

మన గుండ్లకమ్మ వైపు చేలల్లోనూ ఇదే లెక్క. ఇక్కడ పసులపోలిగాడు, గోరువంక, పాలపిట్ట, తెల్లకొంగ ఉంటాయి, రాత్రయితే గుడ్లగూబ. మోనోక్రోటోఫాస్ పక్షులకు ఎంత విషమో 1995–96లో అర్జెంటీనాలో తేలింది. మిడతలకని కొడితే, వాటిని తిన్న డేగలు వేల సంఖ్యలో చచ్చిపోయాయి. మన దగ్గర 2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు ఎన్ని మందులు మార్చి మార్చి కొట్టారో మీకు తెలుసు.

ఒకటి నిజం చెప్పుకోవాలి. పక్షి స్థావరాలు పెడితే తామర పురుగు పోదు, అది పిట్ట ముక్కుకు అందేంత పురుగు కాదు. దానికి నీలం జిగురు అట్టలు, చేలోని సాలీళ్ళు, అక్షింతల పురుగులు కావాలి. స్థావరాలు పనికొచ్చేది శనగపచ్చ పురుగుకు, లద్దెపురుగుకు. ఎకరానికి పది పంగల కర్రలు, పంట కంటే మూరెడు ఎత్తుగా పాతితే చాలు. పిట్టలు అలవాటు పడేదాకా కాస్త పసుపన్నం చల్లండి. రాత్రిపూట అదే కర్ర మీద గుడ్లగూబ కూర్చుని ఎలుకల్ని పడుతుంది. అందుకే ఎలుకల మందు పెట్టొద్దంటున్నాను, మందు తిన్న ఎలుకను తింటే గుడ్లగూబకూ ప్రమాదమే. అగ్నిఅస్త్రం కూడా పురుగు కనబడితేనే కొట్టండి, కషాయమే కదా అని వారం వారం కొట్టేస్తే మిత్రపురుగులు మిగలవు.

గట్ల మీద వేప, తుమ్మ నరకొద్దు. నీడ పడి రెండు సాళ్ళు తగ్గుతాయి, నిజమే. నాకూ తగ్గాయి, అయినా ఉంచాను.

చేను చుట్టూ మూడు వరసలు జొన్న వేస్తాం కదా, గింజ పట్టేసరికి చిలకలు వాలతాయి. నేనైతే తోలను. ఆ జొన్న వేసింది కోసి అమ్ముకోవడానికి కాదు.