బూసాన్‌లో శని, ఆదివారాలు

దక్షిణ కొరియా ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిష్ చెప్పే విదేశీ టీచర్లకు వారాంతం శుక్రవారం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో మొదలవుతుంది. 1995లో అక్కడి ప్రభుత్వం ప్రారంభించిన ‘ఎపిక్’ పథకం కింద ఏటా విదేశీయులను ఏడాది ఒప్పందం మీద తీసుకుంటారు. వారానికి 22 తరగతులు చెప్పాలి. మిగతా పని గంటల్లో స్కూల్లోనే ఉండి పాఠాలు సిద్ధం చేసుకోవాలి. 2012 మార్చి నుంచి కొరియా బడులకు శనివారం పూర్తి సెలవు కావడంతో వీళ్లకు వరుసగా రెండు రోజులు ఖాళీ దొరుకుతుంది. హగ్వాన్ అనే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాల్లో పనిచేసేవారి సంగతి వేరు. పిల్లలు బడి నుంచి వచ్చాకే అక్కడ తరగతులు మొదలవుతాయి కాబట్టి వాళ్లు శుక్రవారం రాత్రి బాగా పొద్దుపోయాక గానీ బయటపడలేరు.

ఈ ఉద్యోగానికి ఇచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే దక్కుతుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. ఆ దేశాల్లో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలకు డిగ్రీ ఉంటే ఈ దారి తెరిచే ఉంటుంది. భారత పౌరులకు ఉన్నది ఇరుకు దారి. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ప్రకారం, డిగ్రీతో పాటు టీచరుగా అర్హత ఉన్నవారిని ప్రభుత్వ పాఠశాలల్లో సహాయకులుగా తీసుకోవచ్చు.

ఎపిక్ కింద వచ్చినవాళ్లకు మొదట కొన్ని రోజుల శిక్షణ ఉంటుంది. స్నేహాలు కుదిరేది అక్కడే. ఆ వెంటనే ఒక్కొక్కరినీ ఒక్కో జిల్లాకు పంపేస్తారు. కొందరికి పెద్ద నగరం దక్కితే, కొందరికి పొలాల మధ్య ఉన్న చిన్న బడి దక్కుతుంది. బడి ఇచ్చిన ఒంటి గది ఇల్లు, కొరియన్ భాష తప్ప వినిపించని వీధి, రోజంతా పిల్లలతో ఒక్కో మాటా నిదానంగా విడదీసి పలికే ఇంగ్లిష్. పెద్దవాళ్లతో మామూలు వేగంతో మనసు విప్పి మాట్లాడే అవకాశం వారం పొడుగునా దొరకని టీచర్లు ఎందరో ఉంటారు. స్నేహితులతో కలిసి ఒక నగరానికి వెళ్లిరావడాన్ని అందుకే విలాసంగా చూడకూడదు. ఏడాది ఒప్పందాన్ని చివరిదాకా నిలబెట్టుకోవడానికి జీతం ఎంత అవసరమో, ఆ రెండు రోజులూ అంతే అవసరం.

తలో దిక్కున ఉన్నవాళ్లు కలుసుకోవడానికి ఆగ్నేయ తీరంలోని బూసాన్ అనువైన ఊరు. 2004 ఏప్రిల్‌లో మొదలైన కేటీఎక్స్ వేగ రైలు సియోల్ నుంచి సుమారు రెండున్నర గంటల్లో అక్కడికి చేరుస్తుంది. టికెట్ దాదాపు 60 వేల వాన్. మూగుంగ్వా అనే మామూలు రైలుకు ఐదు గంటలు దాటుతుంది గానీ ఖర్చు సగమే. తేగు వైపు టీచర్లకు బూసాన్ గంటలోపు ప్రయాణం. నైరుతిలోని క్వాంగ్‌జు వైపువాళ్లు ఎక్స్‌ప్రెస్ బస్సు పట్టుకుంటారు. ఊళ్లో తిరగడానికి టీ-మనీ కార్డు ఒక్కటి చాలు, మెట్రోకూ బస్సుకూ అదే. ఫోన్‌లో మాత్రం నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ ఉండాలి. గూగుల్ మ్యాప్స్‌ను నమ్ముకుని బయల్దేరినవాళ్లు కొరియాలో చిక్కుపడుతుంటారు.

దూరం సంగతి పక్కన పెట్టినా, బూసాన్‌ను ఎంచుకోవడానికి ఇంకా బలమైన కారణం ఉంది. ఇది చాలావరకు బయటి నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు. 1950లో కొరియా యుద్ధం మొదలయ్యాక ఉత్తర సేనలు దేశాన్ని దాదాపుగా ఆక్రమించినా ఈ మూల వాళ్లకు చిక్కలేదు. యుద్ధకాలంలో ఎక్కువ భాగం బూసానే తాత్కాలిక రాజధాని. కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులు రేవు చుట్టూ ఉన్న కొండవాలుల మీద చెక్కలు, రేకులతో గుడిసెలు వేసుకున్నారు. 1949లో ఐదు లక్షల లోపున్న జనాభా 1955 నాటికి పది లక్షలు దాటింది. ఇది తెలిశాక ఊళ్లో చూసే ప్రతి చోటూ వేరుగా కనిపిస్తుంది.

శనివారం ఉదయం నాంపో ప్రాంతంతో మొదలుపెట్టడం మంచిది. బూసాన్ స్టేషన్ నుంచి మెట్రో ఒకటో లైన్‌లో కొద్ది స్టేషన్లే. అక్కడి యోంగ్డో వంతెనను 1934లో కట్టారు. ఓడలు వెళ్లడానికి ఒక భాగం పైకి లేచే వంతెన అది. యుద్ధంలో విడిపోయే కుటుంబాలు “బూసాన్ చేరితే యోంగ్డో వంతెన దగ్గర కలుద్దాం” అని చెప్పుకునేవి. తెలియని ఊళ్లో అందరికీ గుర్తుండే చోటు అదొక్కటే. తమవాళ్ల పేర్లు రాసిన కాగితాలతో ఎందరో అక్కడ కాచుకుని ఉండేవారు. 1966లో ఆగిపోయిన వంతెన లేపడం 2013లో మళ్లీ మొదలైంది.

వంతెనకు దగ్గర్లోనే ఉన్న జగల్చి కొరియాలోకెల్లా పెద్ద చేపల బజారు. ఇక్కడ అమ్మకందారుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. యుద్ధం తర్వాత ఇల్లు గడవడానికి చేపల గంపలతో కూర్చున్న తరం నుంచి వచ్చిన ఆనవాయితీ అది. కింది అంతస్తులో తొట్లలో ఈదుతున్న చేపను ఎంచుకుంటే, పైఅంతస్తులో వండి పెడతారు. వంటకూ బల్లకూ విడిగా డబ్బు తీసుకుంటారు కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇంగ్లిష్ టీచర్లు తప్పకుండా చూడాల్సిన వీధి మరొకటి ఉంది. బోసు-దోంగ్ పాత పుస్తకాల సందు. ఉత్తరం నుంచి వచ్చిన శరణార్థి దంపతులు అమెరికన్ సైనిక స్థావరాల నుంచి బయటపడిన పాత పత్రికలు పరిచి అమ్మడంతో ఇది మొదలైంది. ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన ఊళ్లో కూడా జనం చదువు మానలేదు. కొండవాలుల మీద డేరాల్లో బడులు నడిచాయి, విద్యార్థులు ఈ సందులోనే పుస్తకాలు కొని, చదివి, మళ్లీ అమ్ముకున్నారు. ఈనాటి కొరియన్ తల్లిదండ్రులు పిల్లల చదువుకు ఎందుకంత పోరాడతారో, బడి అయ్యాక హగ్వాన్‌లకు ఎందుకు పంపుతారో విదేశీ టీచరుకు ఇక్కడ కొంతైనా అర్థమవుతుంది. పక్కనే ఉన్న కుక్జే బజారు కూడా ఆ రోజుల్లోనే, సైనిక సరుకులూ దొంగచాటు వస్తువులూ చేతులు మారుతూ ఎదిగింది. 2014లో వచ్చిన ‘ఓడ్ టు మై ఫాదర్’ సినిమా కథ ఈ బజారులోని ఒక దుకాణం చుట్టూ తిరుగుతుంది.

మధ్యాహ్నం తర్వాత గంచోన్‌కు వెళ్లవచ్చు. తోసోంగ్ మెట్రో స్టేషన్ దగ్గర చిన్న బస్సు ఎక్కితే నిటారు మలుపులు తిరుగుతూ కొండ మీదికి తీసుకెళ్తుంది. 1950లలో తేగుక్‌దో అనే మతశాఖవారూ శరణార్థులూ ఇక్కడ మెట్లు మెట్లుగా ఇళ్లు కట్టుకున్నారు. ముందున్న ఇల్లు వెనకింటి వెలుగుకు అడ్డం రాకుండా కట్టిన తీరు గమనించదగ్గది. దశాబ్దాల పాటు పేదల వాడగా మిగిలిన ఈ కొండ 2009లో మొదలైన కళా ప్రాజెక్టుతో రంగు గోడలు, బొమ్మలతో పేరుపొందింది. లిటిల్ ప్రిన్స్ బొమ్మ పక్కన ఫొటో కోసం పొడవాటి క్యూ కడతారు. ఆ క్యూలో గంట నిలబడేకంటే సందుల్లో నడవడం మేలు. అయితే అవి జనం కాపురం ఉంటున్న ఇళ్లు. కిటికీల్లోకి కెమెరాలు పెట్టకూడదు, గట్టిగా అరవకూడదు. గుంపుగా వెళ్లే కుర్రవాళ్లు ఈ మాట తరచూ మరిచిపోతారు.

తిండి దగ్గరికి వచ్చేసరికి స్నేహితుల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. బల్ల మీదే కాల్చుకునే మాంసం, పెద్ద గిన్నెలో ఉడికే పులుసులు చాలా హోటళ్లలో కనీసం ఇద్దరికి సరిపడా చెబితేనే వడ్డిస్తారు. ఒంటరి టీచరు వారమంతా చూసి ఊరుకున్న వంటకాలు శనివారం నలుగురి మధ్యకు వస్తాయి. బూసాన్ సొంత వంటకాలు రెండు. ఒకటి పంది ఎముకల పులుసులో అన్నం వేసి ఇచ్చే త్వేజి కుక్‌పాప్. రెండోది చల్లని మిల్‌మ్యోన్ నూడుల్స్. ఉత్తరాదివారు బక్‌వీట్ పిండితో చేసుకునే నూడుల్స్‌కు ఇక్కడ ఆ పిండి దొరక్క, అమెరికా సాయంగా వచ్చిన గోధుమపిండి వాడటంతో మిల్‌మ్యోన్ పుట్టిందంటారు. నాంపో వీధుల్లో కాల్చి, పొట్ట చీల్చి గింజలు కూరి ఇచ్చే తీపి హొత్తోక్ బొబ్బట్టుకు దూరపు చుట్టంలా ఉంటుంది. శాకాహారులకు మాత్రం కష్టమే. కిమ్చీలో కూడా చాలాసార్లు ఉప్పుచేపో రొయ్యో కలుస్తుంది. మాంసం వద్దని చెప్పి తీసుకునే బిబింబాప్, హేఉండే ప్రాంతంలోని భారతీయ హోటళ్లు వాళ్లకు ఆధారం.

రాత్రికి క్వాంగల్లి తీరం. ఎదురుగా 2003లో తెరిచిన క్వాంగాన్ వంతెన దీపాలతో వెలుగుతుంది. 2022 నుంచి శనివారం రాత్రుల్లో ఇక్కడ డ్రోన్ల ప్రదర్శన కూడా ఉంటోంది. బస ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు రాత్రంతా తెరిచి ఉండే జిమ్‌జిల్‌బాంగ్ అనే వేడినీళ్ల స్నానశాలను ఎంచుకుంటారు. ప్రవేశ రుసుము కడితే వదులు చొక్కా, నిక్కరు ఇస్తారు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరుగా ఉండే వేడినీళ్ల తొట్లలో నగ్నంగానే దిగాలి. మన వాళ్లకు మొదటిసారి ఇది పెద్ద సంకోచమే. ఆ తర్వాత అందరూ కూడే వెచ్చని హాల్లో నేల మీద చాప వేసుకుని, ఉడికించిన గుడ్లు తింటూ మాట్లాడుకుంటారు. ఏ తరగతిలో పిల్లలు నోరు విప్పరు, సహోపాధ్యాయులతో ఎలా సర్దుకోవాలి, ఒప్పందం పొడిగించాలా ఇంటికి వెళ్లిపోవాలా అన్న మాటలు అప్పుడు బయటికొస్తాయి.

ఆదివారం ఉదయానికి రెండు దారులు. సముద్రం కావాలంటే హేఉండే తీరం, అక్కడి నుంచి బస్సులో హేదోంగ్ యోంగ్‌గుంగ్‌సా బౌద్ధాలయం. 1376లో స్థాపించిన ఆ ఆలయం అలలు తాకే రాళ్ల మీద ఉంటుంది. దాని స్థాపకుడిగా చెప్పే నావోంగ్, భారతదేశం నుంచి వెళ్లిన ధ్యానభద్రుడికి శిష్యుడు. రెండో దారి ఐక్యరాజ్యసమితి స్మారక శ్మశానం. 1951లో ఏర్పాటైన ఈ చోట, యుద్ధంలో పోరాడిన పలు దేశాల సైనికుల సమాధులు సుమారు 2,300 ఉన్నాయి. సమాధి పలకల మీది వయసులు చూస్తే, వాళ్లలో చాలామంది ఇప్పుడు పాఠాలు చెప్పడానికి వస్తున్న టీచర్ల ఈడువాళ్లే. భారత్ ఈ యుద్ధానికి పోరాట దళాలను పంపలేదు. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలోని 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్‌ను పంపింది. ఆ వైద్య దళం 1950 నవంబరులో దిగింది ఈ బూసాన్ రేవులోనే.

తిరుగు ప్రయాణం గురించి ముందే ఆలోచించాలి. ఆదివారం సాయంత్రం సియోల్ వైపు రైళ్లు త్వరగా నిండిపోతాయి. చుసోక్, సొల్లాల్ పండుగల సమయంలోనైతే సీట్లు దొరకడం మరీ కష్టం. కాబట్టి వెళ్లే టికెట్ కంటే ముందు వచ్చే టికెట్ కొనుక్కోవడం మంచిది. పల్లెల్లో పనిచేసేవారు రైలు దిగాక తమ ఊరి ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకుని, మిగతావాళ్లకంటే ముందు రైలులోనే బయల్దేరాల్సి ఉంటుంది.