కాలిక్రింది మీట

గిటారు వాయించే కుర్రవాడు ఇంట్లో వున్నవారికి ఆ పెట్టె సంగతి వేరే చెప్పనక్కరలేదు. లేనివారికోసం చెబుతున్నాను. అరచేతిలో ఇమిడే అల్యూమినియం పెట్టె. పైన త్రిప్పుకునే మరలు రెండో మూడో వుంటాయి. ప్రక్కల తీగెలు దూర్చే రంధ్రాలు. ముందువైపు బొటనవ్రేలంత లావున నిగనిగలాడే బొడిపె ఒకటి. గిటారుమీద పుట్టిన నాదం ఈ పెట్టెలో దూరి, బొంగురు గొంతో, గుహలో ప్రతిధ్వనో తగిలించుకుని, అవతల ఆంప్లిఫయరుకు చేరుతుంది. దీన్ని పెడల్ అంటారు. బొడిపెను కాలితో నొక్కితే వేషం. మళ్ళీ నొక్కితే మామూలు గొంతు. రెండు చేతులూ వాద్యంమీదే వుంటాయి గనుక మిగిలింది కాలే గదా! పద్యనాటకాలలో హార్మోనిస్టు కాలితో తిత్తి తొక్కుతూ చేతులతో వాయించడం మన పెద్దవాళ్ళు చూసినదే.

నేను తెలుగు చెప్పుకుని బ్రతికేదాన్ని. పాదమంటే పద్యపాదం అనుకునే వృత్తి నాది. అటువంటి నన్ను ఈ పాదం గొడవ ఎలా పట్టుకున్నదంటే, మా మేనల్లుడి మూలంగా.

మా అన్నయ్య కొడుకు మా యింట్లోనే వుండి హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. అన్నయ్య కొట్టు మూతబడిన దగ్గరనుంచీ వీడు ఎవరినీ రూపాయి అడిగి ఎరుగడు. పెళ్ళి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రావారితో కలిసి గిటారు వాయించి, బస్సు ఛార్జీలూ పుస్తకాల ఖర్చూ తానే సంపాదించుకుంటున్నాడు. ఆ సంపాదనలోనే ఎవరిదగ్గరో పాతది కొన్నాడు ఈ పెడల్. మొన్న మాఘమాసపు పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక బుధవారం రాత్రి ముఖం వ్రేలాడేసుకుని వచ్చాడు.

"అత్తయ్యా, పెట్టె పోయింది. శనివారం ప్రోగ్రాం వుంది."

"పెట్టె లేకుండా వాయించరాదుట్రా?" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ గుర్రుగుర్రు శబ్దం లేకపోతేనే నాకు హాయి.

"వాళ్ళకి కావలసింది ఆ శబ్దమే అత్తయ్యా. నేను లేకపోతే ఇంకొకణ్ణి పిలుస్తారు. తరువాతనుంచి వాణ్ణే పిలుస్తారు."

కొత్తది కొనాలంటే వేలల్లో మాట. వాడు అడగలేదు. అడగకపోవడమే నాకు గుచ్చుకున్నది.

మా నాన్నగారికి తెనాలిలో రేడియో రిపేరు కొట్టు వుండేది. నా ఎనిమిదో ఏటనుంచీ టంకం వేసేటప్పుడు తీగె కదలకుండా పట్టుకోవడం నా పని. ఎవరైనా రేడియో తెచ్చి 'పోయిందండీ' అంటే ఆయన నవ్వేవారు. పోయేది రేడియో కాదు, అందులో ఏదో ఒకటి. ఆ ఒకటి ఏదో తేలేదాకా స్క్రూడ్రైవరు ముట్టుకోనిచ్చేవారు కాదు.

కాబట్టి ముందు విచారణ చేశాం. నొక్కితే చిన్న ఎర్రదీపం వెలుగుతున్నది. కాని శబ్దం చచ్చిపోతున్నది. నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే ఒకసారి పలుకుతున్నది. మరల నొక్కి దీపం ఆర్పేస్తే గిటారు మామూలుగా మోగుతున్నది. దీపం వెలిగింది గనుక 9 వోల్టుల బ్యాటరీ బాగానే వున్నట్లు. తీగె మార్చి చూశాం. అదీ బాగానే వుంది. ఇక అనుమానమంతా బొడిపెమీద నిలిచింది.

అడుగున నాలుగు మరలు విప్పితే కనబడింది: స్విచ్చు క్రింద మూడేసి చొప్పున మూడు వరుసల్లో తొమ్మిది కాళ్ళు. అచ్చంగా నవగ్రహ మంటపం. చూడగానే కంగారు పుట్టిస్తుంది గాని, విషయం చిన్నదే. ఇవి తొమ్మిది కావు. మూడేసి కాళ్ళ స్విచ్చులు మూడు, ఒకే గూట్లో కాపురమున్నాయి. ప్రతి మూడింటిలోనూ మధ్యది గృహస్థు. ఒకసారి నొక్కితే ఇటు ప్రక్కవాడితో కలుస్తాడు, మళ్ళీ నొక్కితే అటు ప్రక్కవాడితో. మొదటి జట్టు గిటారునుంచి వచ్చే నాదాన్ని లోపలి యంత్రానికి పంపాలా, తిన్నగా బయటికి పంపాలా అని నిర్ణయిస్తుంది. రెండోది బయటికి పోయే ద్వారం దగ్గర అదే పని చేస్తుంది. మూడోది దీపానికి. కనుకనే దీపం వెలుగుతూ శబ్దం లేకపోవడం సాధ్యమైంది. మూడో జట్టు బాగున్నా, రెండోది అరిగిపోయింది.

బ్యాటరీ తీసి మీటరు పెట్టి చూస్తే రెండో జట్టులో ఒకవైపు ఒకసారి కూస్తున్నది, మరొకసారి మూగనోము పడుతున్నది. మళ్ళీ బ్యాటరీ పెట్టి, మూగవైపు రెండు కాళ్ళనూ చిన్న తీగెముక్కతో కలిపితే పెట్టె గుర్రుమన్నది. ఆ గుర్రు విని నేను సంతోషించడం అదే మొదలు! యంత్రం బ్రతికే వుంది. పోయింది వాకిట్లో గడియ.

ఇక్కడ ఒక మాట. పెడళ్ళన్నీ ఇలా వుండవు. కొన్నింటిలో కాలిక్రింద బల్లలాంటి రేకు వుండి, దాని అడుగున చిన్న మీట మాత్రమే వుంటుంది. నాదాన్ని మార్చే పని ట్రాన్సిస్టర్లు చూసుకుంటాయి. వాటికి ఈ తొమ్మిది కాళ్ళ స్విచ్చు పనికిరాదు. మరికొన్నింటిలో స్విచ్చును తీగెలతో కాక అచ్చు పలకకే అతికిస్తారు, ఊడదీయడం కష్టం. విప్పి చూసుకున్న తరువాతే బజారుకు వెళ్ళాలి.

గురువారం కాలేజీ అయిపోగానే కోఠీలో గుజరాతీ గల్లీకి బయలుదేరాం. అక్కడ దొరకని ఎలక్ట్రానిక్ సామాను అరుదు. బస్సులో మా వాడు ఒక కథ చెప్పాడు. 1961లో మార్టీ రాబిన్స్ అనే అమెరికా గాయకుడి పాట ఒకటి వెలువడింది. నాష్‌విల్‌లో అది రికార్డు చేస్తుండగా పరికరంలో ఏదో లోపంవల్ల గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు బొంగురుపోయింది. దాన్ని అలాగే వుంచేశారు, జనానికి నచ్చింది. అప్పటి సౌండు ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ బొంగురును కావాలని పుట్టించే పెట్టె తయారుచేస్తే, గిబ్సన్ కంపెనీ 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో బజారులో పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం 'సాటిస్‌ఫాక్షన్' పాటలో వాడేసరికి ప్రపంచమంతా ఎగబడింది. చెడిపోయిన యంత్రం గొంతును మరో యంత్రం అనుకరిస్తే, అది చెడిపోయిందని మేం బాగుచేయించబోతున్నామన్నమాట!

ఒక స్విచ్చు చాలన్నాడు వాడు. రెండు కొన్నాను. రెండింటికీ కలిపి మూడువందలు కూడా కాలేదు. ఆ రెండోదే మా పరువు కాపాడింది.

పాతది తీసేముందు వాడిచేత ఫోనుతో ఫోటో తీయించి, కాగితంమీద కూడా బొమ్మ వేయించాను. ఏ రంగు తీగె ఏ కాలికో వ్రాసుకోనివాడు తరువాత జోస్యం చెప్పుకోవలసిందే. కొత్త స్విచ్చును పాతదాని దిక్కునే నిలపాలి. కాళ్ళు చప్పిడిరేకుల్లా వుంటాయి; పాతదానిలో రేకులు ఎటు పడుకున్నాయో కొత్తదానిలోనూ అటే పడుకోవాలి. పూర్తిగా వెనక్కు తిరిగినా ఫరవాలేదు గాని, ప్రక్కకు తిరిగితే జట్లు తారుమారవుతాయి.

మొదటి స్విచ్చును నేనే తగలబెట్టాను. ముప్ఫైయేళ్ళయినా చేయి మరిచిపోదనుకున్న గర్వం! తగరం 60 పాళ్ళు, సీసం 40 పాళ్ళు కలిపిన టంకం 190 డిగ్రీల దాపున కరుగుతుంది. ఐరను మొన 350 వరకూ కాగి వుంటుంది. స్విచ్చు కాళ్ళేమో ప్లాస్టిక్ దిమ్మెలో గుచ్చి వుంటాయి. టంకం సరిగా పారలేదని మొన ఆనించి అలాగే వుంచాను. కాలు మెత్తగా ప్రక్కకు ఒరిగింది. నొక్కితే 'టక్కు'మనవలసింది 'మెత్తు'మన్నది. మా వాడు ఒక్క మాట అనలేదు. గడియారంకేసి చూశాడంతే. శుక్రవారం రాత్రి పదకొండు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది, నాన్నగారు ముందు తీగె కొసకీ కాలికీ విడివిడిగా కళాయి పూసేవారు. తరువాత రెండింటినీ కలిపి మొన ఆనిస్తే రెండు మూడు సెకన్లలో అతుక్కుపోయేవి. ఒక కాలు అయ్యాక ప్రక్కదాని జోలికి పోకుండా దూరంగా వున్నదాన్ని అందుకునేవారు, మొదటిది చల్లారేందుకు. రెండో స్విచ్చుకు అలాగే చేశాను. తీగె కదలకుండా ఈసారి మా వాడు పట్టుకున్నాడు.

పెట్టెకున్న 12 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి బొడిపెను పైకి తెచ్చి, లోపలి నట్టుతో ఎత్తు సరిచూసి, పైనట్టు బిగించాం. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోమని వాణ్ణి రెండుసార్లు కేకలేశాను. ఆ తరువాత బ్యాటరీ పెట్టి, గిటారు తగిలించి, వాడు కాలు ఎత్తాడు. చెప్పుకాలేమో, తీసి వట్టికాలితో నొక్కాడు. టక్కు. దీపం. గుర్రు. అర్ధరాత్రి కావడంవల్ల ప్రక్కవాటావారు కిటికీ వేసుకున్న చప్పుడూ వినబడింది.

శనివారం రాత్రి ఒంటిగంటకు వచ్చాడు. కవరు బల్లమీద పెట్టి, "వచ్చేవారం రెండు ప్రోగ్రాములు, అత్తయ్యా," అని పడుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, సంకోచిస్తూ సంచుల్లోంచి చెరొక పెట్టె తీశారు. ఒకదానికి బ్యాటరీ మారిస్తే సరిపోయింది. రెండోది విప్పి మీటరు తెమ్మన్నాను.