క్షయను అణచిపెట్టేది ఏది?

క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లోకి చేరగానే మాక్రోఫేజ్ అనే భక్షక కణం దాన్ని మింగేస్తుంది. మింగిన బ్యాక్టీరియాను ఆమ్లంతో, ఎంజైములతో అరిగించుకోవడం ఈ కణం పని. క్షయ క్రిమి మాత్రం ఆ అరుగుదలను అడ్డుకుని, తనను చంపాల్సిన కణంలోనే కాపురం పెడుతుంది. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగోవంతు మందికి ఈ క్రిమి సోకిందని అంచనా. అయినా వారిలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతమే. మింగిన కణానికే చంపడం చేతకానప్పుడు మిగతావారిని కాపాడుతున్నదేమిటి? రోగనిరోధక శక్తిని పెంచుతామనే ప్రకటనలు ఎన్నో చూస్తుంటాం గానీ, ఎంత పెరిగిందన్నదానికన్నా కణాల మధ్య కబురు సరిగ్గా నడుస్తోందా అన్నదే ముఖ్యమని క్షయ చెబుతోంది.

డెండ్రైటిక్ కణాలు క్రిమి తునకలను లింఫ్ గ్రంథులకు మోసుకెళ్లి టీ కణాలకు చూపిస్తాయి. వాటిని గుర్తుపట్టగల టీ కణాలు మొదట బహు కొద్ది. అవి విభజన చెంది, దండుగా ఊపిరితిత్తులకు చేరేసరికి వారాలు పడుతుంది. వచ్చాక సీడీ4 టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్‌ను వదులుతాయి. ఆ సంకేతం అందితే గానీ మాక్రోఫేజ్‌కు లోపలి క్రిమిని అదుపు చేసే సత్తా రాదు. ఈ సంకేతాన్ని అందుకునే గ్రాహకం పుట్టుకతోనే లోపించిన పిల్లల గురించి 1996లో వైద్యులు ప్రకటించారు. వాళ్లకు మాక్రోఫేజ్‌లు ఉన్నాయి, టీ కణాలూ ఉన్నాయి. అయినా ఇతరులకు సాధారణంగా హాని చేయని, క్షయ క్రిమికి దాయాదులైన బ్యాక్టీరియాకే వాళ్లు తట్టుకోలేకపోయారు. సీడీ4 కణాలను హరించే హెచ్ఐవీ సోకినవారిలో క్షయ విజృంభించడానికీ మూలం ఈ లంకె తెగిపోవడమే.

అలాగైతే సంకేతాలను ఇంకా పెంచితే సరిపోతుంది కదా అనవచ్చు. సహజమైన వాదనే, కానీ ఆధారాలు ఒప్పుకోవు. టీ కణాల దూకుడుకు కళ్లెం వేసే పీడీ-1 ప్రోటీన్ లేని ఎలుకలు, క్షయ సోకితే మామూలు ఎలుకలకన్నా త్వరగా చనిపోయాయి. పారదర్శకంగా ఉండే జీబ్రా చేప పిల్లల్లో లలితా రామకృష్ణన్ బృందం చేసిన పరిశోధనలు మరీ విలువైనవి. టీఎన్ఎఫ్ అనే మరో సంకేతం తక్కువైనా ప్రమాదమే, మితిమీరినా మాక్రోఫేజ్‌లు పగిలి క్రిములు బయటపడి పెరుగుతాయని వాటిలో తేలింది. తక్కువైతే ఏమవుతుందో మనుషుల్లోనూ కనిపించింది: కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో క్షయ బయటపడుతోందని 2001లో నివేదించారు. ఎక్కువైతే వచ్చే నష్టం వైద్యులకు కొత్త కాదు. మెదడు పొరలకు క్షయ సోకినప్పుడు మందులతోపాటు వాపును తగ్గించే డెక్సామెథసోన్ ఇస్తే మరణాలు తగ్గాయని వియత్నాంలో జరిగిన, 2004లో వెలువడిన అధ్యయనం చూపింది.