మంచాన పడితేనే బీమానా? ఆటిజం వైద్యం, చట్టాలు: మీకు తెలుసా?

మా చెల్లెలి కొడుక్కి ఆరేళ్లు. వారానికి మూడు రోజులు వాణ్ని థెరపీ సెంటరుకు తీసుకెళ్లాలి. చెల్లెలికి వీలుకాని రోజున ఆ పని నాది. చెప్పుల స్టాండు పక్కన బెంచీ మీద కూర్చుంటే అద్దంలోంచి లోపలి గది కనిపిస్తుంది. వాడు చాప మీద కూర్చుని రంగు పూసల్ని దారానికి గుచ్చుతుంటాడు. మూడు గుచ్చి నాలుగోది విసిరేస్తాడు. థెరపిస్టు విసుక్కోకుండా దాన్ని వెతికి తెచ్చి మళ్లీ వాడి చేతిలో పెడుతుంది. ముప్పావు గంట ఇదే. వచ్చేటప్పుడు రసీదు తీసుకుంటాం. అలాంటి రసీదులు చెల్లెలి బీరువాలో ఒక చీరల కవరు నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ బీమా డబ్బు రాలేదు. ఎందుకు రాలేదా అని వెతకబోతే దొరికిన సంగతులివి. కొన్ని చదివి కోపం వచ్చింది, కొన్ని చదివి నవ్వొచ్చింది.

మీకు తెలుసా? పాలసీ దృష్టిలో పూసలు గుచ్చడం వైద్యమే కాదు.

మన దేశంలో మామూలు ఆరోగ్య బీమా పాలసీ తీసి చూడండి. ఆసుపత్రిలో చేరడం అంటే కనీసం 24 గంటలు వరుసగా ఇన్‌పేషెంటుగా ఉండటం అని రాసి ఉంటుంది. కంటి శుక్లం ఆపరేషన్, డయాలసిస్ లాంటి డే కేర్ చికిత్సలకు మాత్రం సడలింపు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వంటివి మామూలుగా అందులోకి రావు. ఆటిజం ఉన్న పిల్లవాడు మంచం ఎక్కడు, సెలైన్ పెట్టించుకోడు. వాడికి కావలసింది గదీ, చాపా, ఓపికున్న మనిషీ. చెల్లెలికి వచ్చిన తిరస్కరణ ఉత్తరంలో ఆటిజం అన్న మాటే లేదు. ‘అవుట్‌పేషెంట్ ఖర్చు, పాలసీ పరిధిలోకి రాదు’ అని ఒక్క వాక్యం. కోర్టుల్లోనూ కాగితాల్లోనూ పోట్లాటంతా ఇన్నాళ్లూ జబ్బు పేరు మీద నడిచింది. తాళం మాత్రం మంచం దగ్గరుంది. ఓపీ ఖర్చులకు విడిగా కవర్ ఉన్న పాలసీ అయితేనే ఈ రసీదులకు దారి. ఉన్నా దానికో చిన్న పరిమితి ఉంటుంది, ముందే చూసుకోవాలి.

మీకు తెలుసా? ఒక చట్టం లోపలికి రమ్మంటుంది, ఇంకో చట్టం గుమ్మంలో నిలబెడుతుంది.

ఇది నాకు బాగా నచ్చిన చిక్కుముడి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్, శారీరక అనారోగ్యానికి ఎలా బీమా ఇస్తారో మానసిక అనారోగ్యానికీ అదే ప్రాతిపదికన ఇవ్వాలని ప్రతి బీమా సంస్థకూ చెబుతుంది. బాగుంది. అదే చట్టం ‘మానసిక అనారోగ్యం’ అంటే ఏమిటో నిర్వచిస్తూ బుద్ధిమాంద్యం అందులోకి రాదని అంటుంది. ఇప్పుడు దివ్యాంగుల హక్కుల చట్టం 2016 తెరవండి. దాని షెడ్యూలులో ఆటిజం ఎక్కడుందనుకున్నారు? మేధో వైకల్యం అనే శీర్షిక కింద! అంటే, ‘ఇది మానసిక అనారోగ్యం కాదు కదా’ అనాలనుకునే గుమాస్తాకు ఒక సందు దొరికినట్టే.

జవాబు కూడా మొదటి చట్టంలోనే ఉంది. మానసిక అనారోగ్యాన్ని నిర్ణయించేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ వంటి ప్రమాణాలను పాటించాలని మూడో సెక్షన్ చెబుతుంది. ఆ వర్గీకరణ పదో కూర్పులో బాల్య ఆటిజానికి ఎఫ్ 84.0 అనే నంబరు ఉంది. ‘ఎఫ్’ అక్షరం కింద ఉన్నవన్నీ మానసిక, ప్రవర్తనా సంబంధమైన అధ్యాయంలోవే. పైగా ఆటిజం ఉన్న పిల్లలందరికీ మేధో వైకల్యం ఉండదు. లాయరు కానక్కర్లేదు, ఈ నంబరు గుర్తుంచుకుంటే చాలు.

మీకు తెలుసా? దేశంలోని బీమా కంపెనీలకు పెద్దన్న ఉండేది హైదరాబాద్‌లోనే.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఢిల్లీలోనో ముంబైలోనో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్తే కనిపిస్తుంది. కొత్త చట్టం సంగతి కంపెనీలకు గుర్తుచేస్తూ 2018 ఆగస్టులో సర్క్యులర్ పంపింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో పాలసీల్లో ఏయే మినహాయింపులు పెట్టకూడదో జాబితా ఇచ్చింది. మానసిక అనారోగ్యం అందులో ఉంది. ప్రవర్తనకూ నాడీ వికాసానికీ సంబంధించిన సమస్యలు కూడా ఉన్నాయి, నత్తి, డిస్లెక్సియా లాంటి మాట, భాష సమస్యలతో సహా. అంతకుముందు పాలసీ పుస్తకాల చివరి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో ఇవన్నీ ‘వర్తించవు’ కింద ఉండేవి.

అయితే మినహాయింపుల జాబితా నుంచి పేరు తీసేసినంత మాత్రాన మంచం నిబంధన పోలేదు. ఆ సంగతి సర్క్యులర్ చదివి సంబరపడ్డ నాలాంటి వాళ్లకు తరవాత తెలిసింది.

మీకు తెలుసా? చట్టం వచ్చాక కూడా కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

స్కిజోఅఫెక్టివ్ డిజార్డర్ అనే మానసిక అనారోగ్యానికి చికిత్స పొందిన ఒకామె క్లెయిమ్‌ను బీమా సంస్థ తిరస్కరిస్తే, చట్టం అమల్లోకి వచ్చిన నాటి నుంచే సమాన బీమా ఇవ్వాల్సిందేనని 2021లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. అది ఆటిజం కేసు కాదు, కానీ దారి అదే. 2022 చివర్లో అదే కోర్టు, చక్రాల కుర్చీలో ఉన్న ఒకాయనకు బీమా సంస్థ పాలసీయే ఇవ్వనన్న కేసు విని, దివ్యాంగుల కోసం పాలసీలు తెచ్చేలా చూడమని ఐఆర్‌డీఏఐకి చెప్పింది. 2023 ఫిబ్రవరి 27న ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ వచ్చింది: దివ్యాంగులు, హెచ్‌ఐవీ ఉన్నవారు, మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం ప్రతి సాధారణ, ఆరోగ్య బీమా సంస్థా తప్పనిసరిగా ఒక పాలసీ అందుబాటులో పెట్టాలి. మీ ఏజెంటు ‘అలాంటిదేమీ లేదండీ’ అంటే ఈ తేదీ చెప్పి చూడండి.

మీకు తెలుసా? దేశమంతా ఆటిజాన్ని కొలిచే కొలబద్ద సికింద్రాబాద్‌లో తయారైంది.

బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ అది. ఇప్పటి పేరు నీపిడ్, పాతవాళ్లు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. అక్కడి వాళ్లు రూపొందించిన ‘ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం’లో 40 అంశాలుంటాయి. కళ్లలోకి చూస్తాడా, పిలిస్తే పలుకుతాడా, ఒకే పని పదేపదే చేస్తాడా, ఇలా. ఒక్కో దానికి ఒకటి నుంచి అయిదు మార్కులు, మొత్తం 40 నుంచి 200. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, 153 దాటితే తీవ్రం. తక్కువ వస్తే సంతోషించాల్సిన పరీక్ష ఇదొక్కటే కాబోలు.

వైకల్య ధ్రువపత్రం కావాలంటే ఈ పరీక్ష దాటాలి. ఆ పత్రం కోసం సదరం క్యాంపు వరండాలో మూడు గంటలు కూర్చున్న ఆటిజం పిల్లవాడికి నలభై అంశాల్లో ఎన్ని మార్కులు పెరుగుతాయో ఎవరైనా లెక్క కట్టారో లేదో మరి. అక్కడి గోలకు మా వాడు చెవులు మూసుకుని బల్ల కిందికి దూరాడు.

మీకు తెలుసా? చట్టం పేరులోనే ఆటిజం ఉంది, 1999 నుంచి.

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది, ఆటిజం ఊసే లేదు. 2016 చట్టంలో ఆ సంఖ్య 21 అయింది. కానీ ఈ రెంటికీ నడుమ 1999లోనే నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగూ ఆ చట్టం పూర్తి పేరులోనే ఉన్నాయి.

ఆ ట్రస్టు నడిపే ‘నిరామయ’ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. ఏడాదికి లక్ష రూపాయల బీమా. ముందస్తు వైద్య పరీక్షలు లేవు, వయసు పరిమితి లేదు, ‘ఈ సమస్య పాలసీకి ముందే ఉంది కదా’ అనే ప్రశ్న లేదు. కట్టాల్సింది వందల్లోనే. అన్నిటికంటే ముఖ్యం, ఇందులో ఓపీ ఖర్చులున్నాయి, థెరపీలకు లక్షలోపల విడిగా కొంత మొత్తం ఉంది, రానుపోను ఖర్చుకూ కాస్త ఉంది. అంటే మంచం అక్కర్లేని బీమా! లక్ష ఏ మూలకు, థెరపీ భాగం మూడు నెలలకే అయిపోతుంది, నిజమే. కానీ మిగతా పాలసీలు మర్చిపోయిన సంగతిని ఇది గుర్తుపెట్టుకుంది. ట్రస్టులో నమోదైన సంస్థ ద్వారానో ఆన్‌లైన్‌లోనో చేరొచ్చు. వైకల్య ధ్రువపత్రం మాత్రం ఉండాలి. మా చెల్లెలికి ఈ మాట చెప్పింది బీమా ఏజెంటు కాదు, డాక్టరూ కాదు. అదే బెంచీ మీద రోజూ పక్కన కూర్చునే ఒకమ్మ.

మీకు తెలుసా? అమెరికాలో యాభై రాష్ట్రాలకూ ఆటిజం బీమా చట్టం ఉంది, అయినా మీ మనవడికి వర్తించకపోవచ్చు.

అక్కడ 2001లో ఇండియానా మొదలుపెట్టింది. అసలు ఊపు తెచ్చింది 2007లో సౌత్ కరొలైనా. రయాన్ అనే పిల్లవాడి తల్లి వృత్తిరీత్యా న్యాయవాది. బిడ్డ థెరపీకి బీమా రావడం లేదని తానే బిల్లు రాసింది. గవర్నర్ వీటో చేశాడు, శాసనసభ ఆ వీటోను తోసిపుచ్చింది. ‘రయాన్స్ లా’ అని దానికి పేరు. ఆ తరవాత ఒక్కో రాష్ట్రమూ కదిలి, 2019లో టెనెసీతో యాభై పూర్తయ్యాయి. అక్కడ ఎక్కువగా అడిగే థెరపీ ఏబీఏ, అంటే ప్రవర్తనను చిన్న చిన్న ముక్కలుగా నేర్పే పద్ధతి. వారానికి పాతిక గంటలు, ముప్పై గంటలు కూడా రాస్తారు. బీమా లేకుండా భరించడం సాఫ్ట్‌వేర్ జీతానికీ తలకు మించిన పనే.

మెలిక ఎక్కడుందంటే, పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల వైద్య ఖర్చును తమ డబ్బుతోనే భరిస్తాయి. జేబులో కార్డు మీద ఉన్న బీమా కంపెనీ కేవలం లెక్కలు చూసే గుమాస్తా. ఇలాంటి ప్లాన్లను సెల్ఫ్ ఫండెడ్ అంటారు. వీటి మీద రాష్ట్ర బీమా చట్టాలు పనిచెయ్యవు. 1974 నాటి ఎరిసా అనే కేంద్ర చట్టం వాటిని తన గొడుగు కిందికి తీసుకుంది. ఉద్యోగం ద్వారా బీమా ఉన్నవాళ్లలో సగానికి పైగా ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. కాబట్టి డాలస్‌లో ఒకే అపార్ట్‌మెంటులో, ఒకే బొమ్మ ఉన్న కార్డు పట్టుకున్న ఇద్దరు తెలుగు తండ్రుల్లో ఒకరి బిడ్డకు ఏబీఏ రావచ్చు, ఎదురింటి బిడ్డకు రాకపోవచ్చు. కొన్ని కంపెనీలు తమంతట తామే ఇస్తాయి, అది వేరే సంగతి. హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న ‘ఆటిజం కవర్ అవుతుందా’ అని కాదు. ‘మన ప్లాన్ సెల్ఫ్ ఫండెడా, ఫుల్లీ ఇన్‌ష్యూర్డా’ అని. ఉద్యోగం మారేటప్పుడు జీతం ఎంతని అడిగినట్టే ఇదీ అడగాలి.

మానసిక వైద్యానికి శరీర వైద్యం కంటే కఠినమైన పరిమితులు పెట్టకూడదనే 2008 నాటి కేంద్ర చట్టం మాత్రం సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకూ వర్తిస్తుంది. తిరస్కరణ వస్తే అప్పీలు దాన్ని పట్టుకునే చేస్తారు.

మీకు తెలుసా? ‘రాయకండి సార్’ అనే ఏజెంటు మాట వింటే మునుగుతారు.

ఆటిజం సంగతి దరఖాస్తులో దాస్తే, రేపు వాడికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడినా ఆ కారణంతో క్లెయిమ్ పోవచ్చు. రాస్తే మామూలుగా వచ్చే నష్టం వేచి ఉండే కాలం. పాలసీకి ముందే ఉన్న సమస్యలకు ఆ గడువు 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు, అంతకుముందు 48. ఆఫీసు గ్రూప్ పాలసీల్లో చాలావాటికి ఈ గడువే ఉండదు.

మీకు తెలుసా? జిల్లా ఆసుపత్రిలో రసీదే లేని థెరపీ ఉంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను అంగన్‌వాడీల్లో, బడుల్లో పరీక్షిస్తుంది. చూసే సమస్యల్లో ఆటిజం ఒకటి. అనుమానం ఉంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అందరూ డైక్ అంటారు. వైద్యం ఉచితం. థెరపిస్టు పోస్టు నిండి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరడం మేలు.

మీకు తెలుసా? పన్నులో రాయితీకి రసీదులు చూపక్కర్లేదు.

పాత పన్ను విధానంలో ఉన్నవారికి 80 డీడీ సెక్షన్ కింద వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 75 వేలు, 80 శాతం, ఆపైన ఉంటే లక్షా పాతిక వేలు ఆదాయంలోంచి తగ్గిస్తారు. ఎంత ఖర్చయిందన్న లెక్క అడగరు. ఆటిజానికి ఫారం 10-ఐఏ అనే ప్రత్యేక ధ్రువపత్రం కావాలి. ఆడిటరు మామూలు సర్టిఫికెట్ చాలంటే ఒకసారి మళ్లీ అడగండి.

మీకు తెలుసా? బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి లాయరు లేకుండా, ఫీజు లేకుండా వెళ్లొచ్చు.

మొదట కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. కాదన్నాక ఏడాదిలోపు అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ, యానానికీ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

చెల్లెలు ఈసారి కాగితాలు సర్దుతున్నప్పుడు ఒకటి గమనించింది. రసీదుల్లో చాలావాటి మీద ‘ప్లే సెషన్’ అని ఉంది. ఆటలకు బీమా ఏమిటని ఎవరైనా అంటారు. సెంటరులో అడిగితే కాదనలేదు. మొన్నటి రసీదు మీద థెరపీ పేరు, థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరు, దాని కింద ఎఫ్ 84.0 అని రాసిచ్చారు. మా వాడు ఆ రోజు అయిదు పూసలు గుచ్చాడు, ఆరోది నా జేబులో వేశాడు.