పాలమూరుకు పేరిచ్చాడు, పైసా మీద కనపడడు

పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌ది. ఆయన కాలంలో, ఆయన తాతల కాలంలో ఎవరి బొమ్మ ఎవరు గీయించారు, ఎవరి కోసం గీయించారు అన్నది చూస్తే రాజ్యం ఎవరి చేతిలో ఉందో తెలిసిపోతుంది.

అతి పెద్ద పటం

1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను హిందూస్థాన్ చక్రవర్తినిగా చాటారు. మహబూబ్ అలీకి అప్పటికి పదేళ్లు. వెంట దివాన్ మొదటి సాలార్‌జంగ్ ఉన్నాడు. ఆ వేడుకను చిత్రించే పని కలకత్తాలో పుట్టిన ఆంగ్లేయుడు వాల్ ప్రిన్సెప్‌కు దక్కింది. రాణికి ఇవ్వబోయే కానుక మరి! దర్బారు ముగిశాక ఆయన సంస్థానాలు తిరుగుతూ రాజుల ముఖాలు గీసుకున్నాడు. 1880లో లండన్ రాయల్ అకాడమీలో పెట్టిన ఆ పటం ఎత్తు దాదాపు 10 అడుగులు, పొడవు 20 అడుగులకు పైనే. 21 ఫిరంగుల సలామీ అందుకునే హైదరాబాద్‌కైనా ఆ గుంపులో దక్కింది ఒక చోటే. గద్దె మీద ఉన్నది వైస్రాయ్ లిట్టన్.

ఎవరింట్లో ఎవరి పటాలు

పైగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో పాలరాతి మెట్లెక్కుతుంటే గోడ మీద వరసగా గవర్నర్ జనరళ్లు, వైస్రాయ్‌లు కనిపిస్తారు. సొంత తాతల కంటే ముందు అతిథి తాతలన్నమాట.

అతి విషాదమైనది

1805లో మద్రాసులో జార్జ్ చిన్నరీ ఇద్దరు పిల్లల బొమ్మ గీశాడు. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్‌కు, ఖైరున్నిసా బేగంకు పుట్టిన బిడ్డలు వాళ్లు. పిల్లాడి ఒంటి మీద జరీ అంచు ఎర్రటి జామా, మెడలో ముత్యాల హారాలు, కాళ్లకు ముక్కు వంగిన జోళ్లు. అచ్చం నవాబు బిడ్డ. ఆ వెంటనే ఇద్దరినీ ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. సాహిబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ ఆరోరా అయింది. తండ్రి అదే ఏడు కలకత్తాలో చనిపోయాడు, తల్లి మళ్లీ బిడ్డల్ని చూడలేదు. దశాబ్దాల తర్వాత కిట్టీ (కేథరిన్) ఒక పెద్ద మనిషి ఇంట్లో ఈ పటం చూసి ఏడ్చేసింది. ఆయన దాన్ని వీలునామాలో ఆమెకే రాసిచ్చాడు. ఈ పటాలన్నిటిలో కొలతతో పనిలేని పటం నాకైతే ఇదొక్కటే.

ముఖం లేని రూపాయి

ఈస్టిండియా కంపెనీ రూపాయి మీద విక్టోరియా ముఖం 1840లోనే వచ్చింది. పాలమూరు, నల్లగొండ సంతల్లో చెల్లిన నిజాం రూపాయి హాలీ సిక్కా మీద మాత్రం ఏ ముఖమూ లేదు. 1857 దాకా దాని మీద మొగల్ బాద్‌షా పేరుండేది, ఆ తర్వాత నిజాంల బిరుదైన ఆసఫ్‌జా పేరు వచ్చింది. 1900 దాటాక మహబూబ్ అలీ యంత్రం మీద కొట్టించిన కొత్త నాణేలకు ఎక్కింది కూడా చార్మినారే.

ఆడవాళ్లకే స్టూడియో

అప్పటికి కుంచె పని కెమెరా చేతికొచ్చింది. రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన లాలా దీన్‌దయాళ్ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యి, 1894లో 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదు పొందాడు. అంతకు రెండేళ్ల ముందే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పర్దా దాటని బేగంల ఫోటోలు తీయడానికి మగవాడు పనికిరాడు కదా, అందుకని కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు దాని బాధ్యత అప్పగించాడు.