క్షమించే హక్కు ఎవరిది?

రాజన్నవాడు దండించాలా, దయ చూపాలా అనే ప్రశ్న మన పురాణాలకు కొత్త కాదు. దండం లేకపోతే పెద్ద చేప చిన్న చేపను మింగినట్లవుతుందని మన పెద్దలు దానికి మాత్స్యన్యాయమని పేరు కూడా పెట్టారు. దయలేని దండం ప్రజల ఉసురు పోసుకుంటుందని అన్నదీ వారే. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టి, తెలుగు ఎం.ఏ. చదివి, పోతన్నగారిని పిల్లలకు పాఠం చెప్పుకొని బ్రతుకుతున్నవాణ్ణి. మా ఇంటి అలమారులో బైబిలూ భాగవతమూ ఇరవై ఏళ్లుగా పక్కపక్కనే ఉంటున్నవి. ఇంతవరకు వాటికి తగాదా రాలేదు. ఈ విషయంలో క్రైస్తవులు ఏమంటారని మిత్రులెవరైనా అడిగితే నాకు ముందుగా జ్ఞాపకం వచ్చేది సిద్ధాంతం కాదు, ఒక చక్రవర్తి. పదహారు వందల ఏళ్ల క్రిందటి మనిషి. పేరు థియొడోసియస్.

స్పెయిన్ దేశంలో పుట్టి, సేనలు నడిపి, 379లో రోమను సామ్రాజ్యపు తూర్పు భాగానికి ప్రభువయ్యాడు. మరుసటి ఏడే క్రైస్తవాన్ని రాజ్యానికి మతంగా నిలబెడుతూ శాసనం చేశాడు. భక్తుడే, అందులో సందేహం లేదు. కాని కోపం వస్తే ఒళ్లు తెలియని మనిషి. ఆ కోపానికీ భక్తికీ మధ్య 387 మొదలు 390 వరకు మూడు ఊళ్లు నలిగిపోయినవి.

మొదటిది అంతియొకయ. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచిన పట్టణం ఇదేనని అపొస్తలుల కార్యములు చదివినవారికి తెలుసు. 387లో కొత్త పన్ను వేస్తున్నట్లు తాకీదు వచ్చింది. జనం మొదట ఏడ్చారు, తరువాత తిట్టారు, ఆ పైన రెచ్చిపోయి చక్రవర్తి విగ్రహాలనూ, కొద్దికాలం క్రిందటే చనిపోయిన ఆయన రాణి విగ్రహాన్నీ తాళ్లు కట్టి పడదోసి వీధుల్లో ఈడ్చారు. ఆ కాలంలో రాజు విగ్రహాన్ని కొట్టడం రాజును కొట్టడంతో సమానం. ఉద్రేకం చల్లారాక ఊరికి వణుకు పుట్టింది. అక్కడి అధికారులు కొందరిని అప్పటికప్పుడే చంపించారు. స్నానశాలలు, నాటకశాలలు మూతపడ్డవి. ఊరు మొత్తం నేలమట్టం చేయిస్తాడని పుకారు పుట్టి, సంపన్నులు మూటాముల్లే సర్దుకొని కొండలకు పారిపోయారు.

అప్పుడు ఆ ఊరి బిషప్పు ఫ్లేవియన్, పండు ముసలివాడు, ఇంట్లో అక్కచెల్లెలు మరణశయ్య మీద ఉండగా వదలిపెట్టి, చలికాలంలో వందలాది మైళ్ల దూరం కాన్‌స్టాంటినోపిల్‌కు బయలుదేరాడు. ఇక్కడ ఊళ్లో జాన్ క్రిసోస్టం అనే యువ గురువు భయపడిన జనానికి ధైర్యం చెబుతూ ఇరవైకి పైగా ప్రసంగాలు చేశాడు. క్రిసోస్టం అంటే బంగారు నోటివాడని అర్థం. ఆ ప్రసంగాలు నేటికీ నిలిచి ఉన్నవి. చదువు సంధ్యలు లేని మెకడోనియస్ అనే సన్యాసి ఒకడు కొండ దిగివచ్చి, విచారణకు వచ్చిన దొరల గుర్రాలకు అడ్డం నిలిచి, కంచు బొమ్మలు మళ్లీ పోతపోసుకోవచ్చును గాని చంపిన మనిషి తల వెంట్రుక ఒక్కటైనా చెయ్యగలరా అని రాజుకు కబురు చెప్పమన్నాడట. ఫ్లేవియన్ రాజు ఎదుట నిలిచి పాత ముచ్చట ఒకటి చెప్పాడు. పూర్వం కాన్‌స్టంటైన్ చక్రవర్తి విగ్రహం ముఖాన ఎవరో రాళ్లు రువ్వారు. దండించమని కొలువులో అందరూ పట్టుబడితే, ఆయన తన ముఖం తడుముకొని చూసి, నాకెక్కడా గాయం తగల్లేదే అని నవ్వాడట.

థియొడోసియస్ కరిగిపోయాడు. ఈస్టరు పండుగకు ముందే క్షమాపణ వార్త అంతియొకయ చేరింది. వీధుల్లో దీపాలు పెట్టుకున్నారు. బాగున్నది గదా!

మూడేళ్లయినది. 390. ఈసారి థెస్సలొనీక. పౌలు రెండు పత్రికలు రాసిన సంఘం ఉన్న ఊరు. అంతకన్న ముఖ్యం, పదేళ్ల క్రిందట థియొడోసియస్ జబ్బుపడి బాప్తిస్మం పొందిన ఊరు. అక్కడి సేనాధిపతి బుథెరిక్ అనే గాతు జాతివాడు. రథాల పందెంలో పేరుమోసిన సారథిని ఒక అసభ్యమైన నేరానికి చెరసాలలో వేశాడు. పందెం రోజు దగ్గరపడింది. మా వాణ్ణి వదలమని జనం అడిగారు. అతడు వదలలేదు. జనం తిరగబడి అతణ్ణి చంపేశారు. ఈనాటి సినిమా అభిమానుల సంగతి ఎరిగినవారికి దీన్ని నమ్మడం కష్టం కాదు.

చక్రవర్తి అప్పుడు ఇటలీలో మిలాన్ నగరంలో ఉన్నాడు. కబురు వినగానే మండిపడ్డాడు. ఊరిమీదికి సైన్యాన్ని వదలమని ఆజ్ఞ వెళ్లింది. కోపం కాస్త తగ్గాక దాన్ని రద్దు చేస్తూ మరో ఆజ్ఞ పంపాడు. రెండోది అందేసరికి మొదటిది జరిగిపోయింది. పందేలు చూడ రమ్మని జనాన్ని పిలిచి, వచ్చి కూర్చున్నవాళ్లను సైనికులు నరికారు. ఏడు వేలమంది చచ్చిపోయారని అర్ధ శతాబ్దం తరువాత థియొడొరెట్ అనే చరిత్రకారుడు రాశాడు. అంకె ఎంతవరకు సరియో గాని, సోజొమెన్ అనే మరో చరిత్రకారుడు రాసిన చిన్న సంగతిని మరచిపోలేము. ఒక వర్తకుడి కొడుకులిద్దరూ సైనికులకు దొరికారు. నన్ను చంపి వీళ్లను వదలండని డబ్బు కూడా ఇవ్వజూపాడు. లెక్క తక్కువ కాకూడదు, ఇద్దరిలో ఒకణ్ణి ఎంచుకొమ్మన్నారు. ఆ తండ్రి ఈ ముఖం చూశాడు, ఆ ముఖం చూశాడు. ఎంచుకోలేకపోయాడు. ఇద్దరినీ చంపేశారు.

మిలాన్ బిషప్పు పేరు ఆంబ్రోస్. ఇతడు పుట్టు గురువు కాడు. అదే మిలాన్‌లో ప్రభుత్వం తరఫున గవర్నరుగా ఉండి, న్యాయపీఠం మీద కూర్చొని తీర్పులు చెప్పినవాడు. 374లో బిషప్పు ఎన్నికలో గొడవ జరుగుతుందేమోనని శాంతి కాపాడడానికి వెళితే, జనం ఆయననే బిషప్పు కమ్మని పట్టుకున్నారు. అప్పటికి బాప్తిస్మమైనా కాలేదు! అంచేత చట్టమంటే ఏమిటో, శిక్షంటే ఏమిటో తెలిసిన మనిషి. చక్రవర్తి ఊళ్లోకి వచ్చే వేళకు ఆంబ్రోస్ ఒంట్లో బాగులేదని పక్క ఊళ్లకు తప్పుకున్నాడు. అక్కడినుంచి, మరెవరికీ చూపవద్దని, తన చేతితోనే ఉత్తరం రాశాడు. నీవు ఎదుట ఉంటే నేను ప్రభుభోజన సంస్కారం జరపలేను, దావీదు చేసినట్లు చెయ్యి, అన్నది దాని సారాంశం.

దావీదు కథ తెలియని పాఠకులకు రెండు మాటలు. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్యను ఆశించి, ఊరియాను యుద్ధంలో ముందు వరుసన నిలబెట్టి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి, ఒక ధనవంతుడు బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్నాడని ఫిర్యాదు చేశాడు. రాజు మండిపడి, వాడు చావదగినవాడన్నాడు. ఆ మనిషివి నీవేనన్నాడు ప్రవక్త. రాజు తల వంచాడు. మన కావ్యాల్లో విదూషకుడూ మంత్రీ కలిసి చెయ్యలేని పనిని ఒక్క గొర్రెపిల్ల చేసింది.

థియొడోసియస్ కూడా తల వంచాడు. కొన్ని నెలలపాటు రాజచిహ్నాలు తీసివేసి, గుడిలో జనం మధ్య పశ్చాత్తాపపడ్డాడు. ఆ సంవత్సరం క్రిస్మసుకు మళ్లీ ఆయనను సంస్కారానికి చేర్చుకున్నారు. గుడి వాకిట్లో ఆంబ్రోస్ చేయి అడ్డం పెట్టి చక్రవర్తిని ఆపుతున్నట్లు రూబెన్స్, వాన్ డైక్ గొప్ప చిత్రాలు గీశారు. ఆ దృశ్యం జరిగినట్లు చరిత్రకారులు నేడు నమ్మరు. జరిగినది ఉత్తరమే. బొమ్మకు ఉత్తరం పనికిరాదు గనుక వాకిలి కావలసివచ్చింది కాబోలు.

చక్రవర్తి కన్నీళ్లకన్న నాకు విలువగా తోచేది ఒక చట్టం. ప్రభువు మామూలుకన్న కఠినమైన శిక్ష విధిస్తే, దానిని ముప్పై రోజులవరకు అమలు జరపరాదని ఆయన శాసించాడు. థెస్సలొనీక పాపానికి ప్రాయశ్చిత్తంగానే ఇది పుట్టిందని థియొడొరెట్ అంటాడు. చట్టాల సంపుటంలో దీనిపై 382 అనే తేదీ ఉన్నది గాని, అది పొరపాటనీ 390 అయి ఉంటుందనీ కొందరు పండితుల అభిప్రాయం. ఎప్పటిదైనా సరే, రాజు తన కోపాన్ని తానే నమ్మకుండా కట్టడి చేసుకోవడం చిన్న సంగతి కాదు. రెండో ఆజ్ఞ ఆలస్యమైనందుకు థెస్సలొనీక ప్రజలు పోయారు. ఈ చట్టంతో మొదటి ఆజ్ఞే ఆలస్యం కావాలి.

కథ ఇక్కడితో ఆపితే ఆంబ్రోస్‌కూ, మాకూ గౌరవంగా ఉంటుంది. గుళ్లల్లో చాలామంది ఇక్కడే ఆపుతారు. కాని మధ్యలో దాటివేసిన ఊరు ఒకటున్నది.

388. యూఫ్రటీసు నది ఒడ్డున కల్లినికం అనే పట్టణం. నేటి సిరియాలోని రఖ్ఖా. అక్కడి క్రైస్తవులు తమ బిషప్పు ప్రోద్బలంతో యూదుల సమాజమందిరాన్ని తగలబెట్టారు. థియొడోసియస్ సరైన తీర్పే చెప్పాడు: తగలబెట్టినవాళ్లను శిక్షించండి, మందిరాన్ని బిషప్పు ఖర్చుతో తిరిగి కట్టించండి. ఈ తీర్పుకు ఎవరు అడ్డం వచ్చారనుకున్నారు? ఈ ఆంబ్రోసే. ముందు ఉత్తరం రాశాడు. ఆ తరువాత నిండు సభలో ప్రసంగం చేసి, అందులోనూ దావీదు నాతానుల కథను ఎత్తుకొని, తీర్పు రద్దు చేస్తానని మాట ఇచ్చేవరకు సంస్కారం సాగించనని నిలబడ్డాడు. చక్రవర్తి మాట ఇచ్చాడు. యూదుల గుడి బూడిదగానే మిగిలింది.

దయ, క్షమ అనే మాటలతోనే అక్కడా అడిగారు. అంతియొకయలో పడిపోయినవి చక్రవర్తి విగ్రహాలు. ముఖం తడుముకొని గాయం లేదని నవ్వే హక్కు ఆయనకున్నది. కల్లినికంలో కాలినది యూదుల గుడి. అక్కడ గాయం లేదని చెప్పడానికి ఈయన ఎవరు?

నేను ఇదివరలో పనిచేసిన ఒక కళాశాలలో, గేటు పక్కన టీ బడ్డీ ఉండేది. ఒకనాడు క్రికెట్ పందెం తగాదాలో కుర్రాళ్లు ఆ బడ్డీని పడదోశారు. గ్లాసులు పగిలినవి, పాలగిన్నె సొట్టపోయింది. ప్రిన్సిపాలుగారు అందరినీ సమావేశపరచి, వయసు అటువంటిది, మిమ్మల్ని క్షమించానని గంభీరంగా చెప్పారు. చప్పట్లు మోగినవి. మర్నాడు టీకి వెళ్లి, ఏమయ్యా, గొడవ సర్దుకున్నదటగా అన్నాను. అతడు స్టవ్వు వెలిగిస్తూ, "అయ్యగారు క్షమించారండీ. గ్లాసులేమో నావండీ" అన్నాడు.

ఈ మాటను ఆంబ్రోస్‌తో ఎవరైనా అని ఉంటే ఎంత బాగుండేది! సువార్తలు ఆయనకు కంఠపాఠమే గదా. యేసు చెప్పిన కథలో పదివేల తలాంతుల బాకీని రాజు కొట్టివేశాడు. కాని అది రాజుకే రావలసిన బాకీ. పొరుగువాడికి రావలసిన దానిని కొట్టివేసి పుణ్యం కట్టుకున్నట్లు ఆ కథలో లేదు. సుంకాలు వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు భోజనానికి వెళ్లాడు. అంతకన్న దయ ఏమున్నది? ఆ దయ తగిలిన జక్కయ్య, నేనెవరిదైనా అన్యాయంగా తీసుకొని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. నీ బాకీలు మాఫీ అని యేసు ఆయనతో అనలేదు. మీకా ప్రవక్త న్యాయాన్నీ దయనూ ఒకే ఊపులో అడిగాడని ప్రసంగాల్లో తరచు వింటాము. వరుసలో న్యాయం ముందున్నదని ఎవరో గాని చెప్పరు.

భాగవతం ప్రథమ స్కంధంలో అశ్వత్థామ ఘట్టం పాఠం చెప్పేటప్పుడు ఈ చర్చ మా తరగతిలో ఏటా వస్తుంది. నిద్రపోతున్న పసివాళ్లను చంపినవాణ్ణి అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేశాడు. వదలండి, వాడి తల్లి నాలాగా ఏడవకూడదు అన్నది ద్రౌపది. గమనించవలసిందేమంటే, ముందు నోరు విప్పినది ధర్మరాజు కాదు. రాజై ఉండికూడా ఆయన క్షమను తాను ప్రకటించలేదు; కడుపు కోత పడ్డ తల్లి అన్న తరువాతనే అవునన్నాడు. భీముడు ఒప్పుకోలేదు. చివరకు కృష్ణుడి మాటమీద తల గొరిగి, శిరోమణి ఊడదీసి, వెళ్లగొట్టారు. శిక్షా పడింది, ప్రాణమూ దక్కింది. ఒక ఏడు ఒక విద్యార్థిని లేచి, చచ్చిపోయిన పిల్లల తరఫున తల్లి అయినా క్షమించవచ్చునా మాస్టారూ అని అడిగింది. గంట కొట్టేలోపల ఆ ప్రశ్నకు తరగతిలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

థియొడోసియస్ 395 జనవరిలో మిలాన్‌లోనే చనిపోయాడు. సంస్మరణ ప్రసంగం చేసి, ఆయన దయనూ కన్నీళ్లనూ కొనియాడినవాడు ఆంబ్రోసే. అంతకు ఏడాదిన్నర ముందు, 393లో, చక్రవర్తి తూర్పు ప్రాంతపు సేనాధిపతికి ఒక తాకీదు పంపి ఉన్నాడు. యూదుల మతాన్ని ఏ చట్టమూ నిషేధించలేదనీ, క్రైస్తవమతం పేరు చెప్పి సమాజమందిరాలను పడగొట్టి దోచుకునేవాళ్లను తగినంత కఠినంగా అణచవలసిందనీ అందులో ఉన్నది. కల్లినికం ఆ సేనాధిపతి ఇలాకాలోనిదే.