కొబ్బరి మొక్కకు తండ్రి ఎవరు?

విద్యార్థులారా! మీ ఊళ్ళో గెలకు గెల నిండుగా కాచే కొబ్బరిచెట్టు ఒకటి ఉందనుకోండి. దాని కాయనే తెచ్చి నాటారు. ఆ మొక్క తల్లి లాగే కాస్తుందా? ఖాయంగా చెప్పలేం. కారణం ఒక్కటే. తల్లి ఎవరో మనకు తెలుసు కాని, తండ్రి ఎవరో తెలియదు!

కొబ్బరి పూగుత్తిని దగ్గరగా చూస్తే సంగతి బోధపడుతుంది. ఒర పగిలి పూగుత్తి బయటికి రాగానే అందులో సన్నని రెమ్మలు కనబడతాయి. రెమ్మల మొదట్లో గుండ్రంగా ఉన్నవి ఆడపూలు. పైభాగమంతా వందలాదిగా మగపూలు. మన దేశవాళీ పొడుగు రకంలో ముందు మగపూలు విచ్చుకుని, పుప్పొడి వెదజల్లి రాలిపోతాయి. ఆ తరువాతనే ఆడపూలు పక్వానికి వస్తాయి. అందుచేత వాటికి పుప్పొడి సాధారణంగా మరొక చెట్టు నుంచి రావలసిందే. గాలి, తేనెటీగలు ఎక్కడ నుంచి తెస్తాయో ఎవరు చూశారు?

పొట్టి రకాల తీరు వేరు. వాటిలో ఆడ, మగ పూలు దాదాపు ఒకేసారి పక్వమవుతాయి. అందుచేత ఎక్కువగా తమలో తామే ఫలదీకరణం చెందుతాయి. త్వరగా కాపుకు వస్తాయి. మరి పొడుగు రకం దీర్ఘాయువూ, పొట్టి రకం తొందర కాపూ ఒకే చెట్టులో దొరికితే?

ఈ ఆలోచన కొత్తది కాదు. మన కోనసీమ అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజుల్లో, 1916లో, పడమటి తీరాన కాసరగోడు, నీలేశ్వరం ప్రాంతాల్లో కొబ్బరి పరిశోధన మొదలైంది. అక్కడే 1932లో పటేల్ అనే శాస్త్రవేత్త పొడుగు, పొట్టి రకాలను కలిపి సంకరం చేశారు. ప్రపంచంలో ఇదే మొదటి కొబ్బరి సంకరమని చెబుతారు.

మన ప్రాంతానికి ఆ పని అంబాజీపేటలో సాగింది. అమలాపురం దగ్గర ఉన్న ఈ ఊరు కొబ్బరి వ్యాపారానికి పేరుపొందినదని మీకు తెలుసు. ఇక్కడి కొబ్బరి పరిశోధనా కేంద్రాన్ని 1950లలో నెలకొల్పారు. 1964లో రాష్ట్రానికి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడగా, ఈ కేంద్రం దాని కిందికి వచ్చింది. 2007లో తాడేపల్లిగూడెం సమీపాన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం వెలసినపుడు దానికి చెందింది. పేరు, యాజమాన్యం మారినా తోటలోని చెట్లు మాత్రం కదలలేదు. కొబ్బరి పరిశోధనకు అదే ముఖ్యం. ఎందుకో చూడండి.

సంకరం చేయడానికి మనిషి చెట్టెక్కాలి. తల్లిచెట్టు పూగుత్తిలో మగపూలన్నిటినీ, అవి విచ్చకముందే, కత్తిరించాలి. బయటి పుప్పొడి సోకకుండా గుడ్డసంచి తొడగాలి. ఆడపూలు పక్వమైన రోజుల్లో మళ్ళీ మళ్ళీ ఎక్కి, తండ్రిచెట్టు నుంచి తెచ్చి ఆరబెట్టిన పుప్పొడిని వాటి మీద చల్లాలి. ఇంత చేస్తే, పిందెలు రాలిపోగా మిగిలేవి కొన్ని కాయలే!

ఇప్పుడు లెక్క కట్టండి. కాయ ముదరడానికి ఒక ఏడాది. మొలకెత్తి నాటే మొక్క కావడానికి మరో ఏడాది. పూత రావడానికి నాలుగైదేళ్ళు. కాపు నిలకడగా ఉందా, ఎండకూ గాలికీ ఆగుతుందా అని కాయలు లెక్కపెడుతూ మరికొన్నేళ్ళు. వెరసి పదిహేనేళ్ళు దాటినా ఆశ్చర్యం లేదు. వరిలో ఏటా రెండు తరాలు చూడవచ్చు. మామిడికి అంటు కట్టవచ్చు. కొబ్బరికి కొమ్మలే లేవు గదా, అంటెలా కడతారు? ఒక కాయకు ఒక మొక్క, అంతే.

ఇంత ఓపికకు ఫలమే ‘గోదావరి గంగ’. దేశవాళీ పొడుగు రకం తల్లి, మన ప్రాంతపు గంగబొండాం తండ్రి. దేశవాళీ చెట్టు ఆరేడేళ్ళకు కాపుకు వస్తే, ఇది నాలుగేళ్ళకే పూతకు వస్తుంది. ఫిలిప్పీన్స్ రకం నుంచి ఎంపిక చేసిన ‘డబుల్ సెంచరీ’ కూడా అంబాజీపేట అందించినదే.

అయితే ఒక హెచ్చరిక. గోదావరి గంగ కాయను నాటితే గోదావరి గంగ రాదు! మెండెల్ బఠానీ మొక్కల పాఠం గుర్తు తెచ్చుకోండి. రెండో తరంలో లక్షణాలు విడిపోయి, కొన్ని మొక్కలు తల్లినీ, కొన్ని తండ్రినీ పోలుతాయి. కనుక ప్రతి సంకర మొక్క వెనుకా, పైన చెప్పినట్లు చెట్టెక్కిన మనిషి ఉండవలసిందే. అందుకే ఇవి ఎప్పుడూ అడిగినన్ని దొరకవు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో కోనసీమ కొబ్బరిచెట్లు లక్షల సంఖ్యలో నేలకూలాయి. తోట పోయిన రైతు మళ్ళీ నాటుకోవాలి. తెలియని మొక్క నాటితే, అది మంచిదో కాదో తేలేసరికి ఆరేడేళ్ళు గడిచిపోతాయి. అప్పుడు పీకి మళ్ళీ నాటగలడా? పిల్లల చదువు, ఇంటి ఖర్చు ఆగుతాయా? మొక్క తండ్రి ఎవరన్న ప్రశ్న రైతుకు ఎంత పెద్దదో ఇప్పుడు అర్థమైంది కదూ!

ఇక కొత్త మొక్క ఎదిగేదాకా ఉన్న చెట్లను కాపాడుకోవాలి. ఎత్తయిన చెట్ల మీద, కింద ఇళ్ళుండగా, విషపు మందులు చల్లడం తేలిక కాదు, క్షేమమూ కాదు. అందుకని అంబాజీపేట ప్రయోగశాలలో మిత్రపురుగులను పెంచుతారు. ఆకుల పచ్చదనాన్ని గీకి తినే నల్లతల పురుగుకు బ్రాకన్, గోనియోజస్ అనే చిన్న కందిరీగల వంటి కీటకాలు శత్రువులు. బియ్యపు చిమ్మెట పిల్లపురుగుల మీద వీటిని పెంచి తోటల్లో వదులుతారు. 2016లో మన దేశంలో తొలిసారి కనబడిన సర్పిలాకార తెల్లదోమ మీద ఐసేరియా అనే శిలీంధ్రాన్ని వాడుతున్నారు.

ఈసారి దింపు కార్మికుడు మీ చెట్టెక్కినపుడు, అప్పుడే విచ్చిన పూగుత్తి ఒకటి కోసి ఇమ్మని అడగండి. ఆడపూలెన్నో, ఒక్కొక్క రెమ్మకు మగపూలెన్నో లెక్కపెట్టండి. వాటిలో ఎన్ని కాయలవుతాయో పక్క గెలలు చూసి ఊహించండి. మీ నోటుపుస్తకంలో రాసుకోండి. అంబాజీపేటలో తరాల తరబడి చేస్తున్న పని కూడా లెక్కపెట్టడంతోనే మొదలవుతుంది.